మూడు చుక్కల మూటలు

రంగూనులో చిమిండైంగ్ బజారు వెనక మునిసిపాలిటీ వాళ్ళు కట్టించిన నీళ్ళ తొట్ల దగ్గర పాతికమంది చాకళ్ళు బట్టలుతికేవారు. అందరూ కళింగపట్నం, బారువ, భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. చివరి తొట్టి అచ్చెన్నది. అతనికి ఎవరితోనూ తగువు లేదు, ఎవరితోనూ మాటా లేదు. పొద్దున్నే లమ్మడా పేటలో తన గది నుంచి మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవాడు, సాయంత్రం అదే దారిన పోయేవాడు. అతని సంగతేమిటని ఎవరైనా కొత్తవాడు అడిగితే తక్కినవాళ్ళు ఒకే మాట చెప్పేవారు.

"ఆడా? ఆడు బతికున్నోల్లకి దినం సేసిన మడిసి."

చెప్పి నవ్వేవారు. నవ్వడానికేం, నోటికి ఖర్చా! అసలేం జరిగిందో కూర్చుని వింటే వాళ్ళకీ నవ్వు వచ్చేది కాదు. కానీ వినే తీరిక ఎవరికుంది? అడిగినవాళ్ళూ లేరు, అచ్చెన్న చెప్పిందీ లేదు.

అతను పెళ్ళయిన ఏడాదికే పెళ్ళాం చిన్నమ్మిని వెంటబెట్టుకుని రంగూను వచ్చాడు. అతను బండ మీద ఉతికేవాడు, ఆమె గుర్తులు పెట్టేది. చాకలికి గుర్తే ప్రాణం. నల్లజీడి పిక్కని సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు గీసి, పైన తడిసున్నం అద్దితే చాలు. బట్ట చిరిగేదాకా ఆ గుర్తు పోదు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఏ ఇంటికి ఏ గుర్తో చిన్నమ్మికి నోటికి వచ్చు. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు గానీ ఆ పదిహేనేళ్ళలో ఒక్కరి పంచె ఇంకొకరి ఇంటికి పోలేదు.

పంతొమ్మిది వందల పద్దెనిమిదో సంవత్సరం జ్వరాల్లో చిన్నమ్మి మూడు రోజుల్లో పోయింది. పిల్లలు లేరు. చచ్చిపోయినవాళ్ళ బట్ట చాకలికి చెందడం మన ఊళ్ళలో ఉన్నదే. అచ్చెన్న ఇంట్లో దానికి తోడు మరో ఆచారం ఉంది, వాళ్ళ తాత నాటి నుంచి వస్తున్నది. పోయినవాడి బట్ట ఉతికి మడతపెట్టి చాకలి ఇంట్లో ఉండిపోతే, మూడో రోజు పొద్దు కుంకేలోగా దాని గుర్తు మూల చింపి పారే నీటిలో వదలాలి. లేకపోతే ఆ మనిషి నా బట్ట నాకియ్యమంటూ రేవు దగ్గరే నిలబడి ఉంటాడట. అచ్చెన్న చిన్నమ్మి చీర మూల చింపి రంగూను ఏటిలో వదిలాడు. ఆ గుర్తు ఆమె చేత్తో పెట్టుకున్నదే. ఆ రోజు నుంచి అతనికి మాట తగ్గిపోయింది.

ఇరవై మూడో సంవత్సరం చలికాలంలో బంగారురాజు అనే ఆయన లమ్మడా వీధుల్లో తెలుగు చాకలి కోసం వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనది విశాఖపట్నం, ఇంగ్లీషు నేవీ ఓడలో బట్లరు. వాళ్ళ ఓడ చీనా వైపు పోతూ రంగూనులో ఆగింది. ఓడ చాకలి రోగంతో ఆసుపత్రిలో పడ్డాడు. వస్తావా అంటే అచ్చెన్న ఎంతకాలమని అడగలేదు, ఎంతిస్తారని అడగలేదు. గదిలో ఉన్న బాన, ఇస్త్రీపెట్టె, జీడిపిక్కల డబ్బా తీసుకుని ఆయన వెనకాలే నడిచాడు. గదిలో ఉండి చేసేదేముంది?

ఆ ఓడ యుద్ధం చేసే ఓడ కాదు. ఒకప్పుడు తేయాకు మోసిన పాత సరుకు ఓడ. మహాయుద్ధంలో సర్కారు దాన్ని కొని, కడుపులో కొలిమి, వడ్రంగి షాపు, రొట్టెల పొయ్యి, చిన్న ఆసుపత్రి, స్నానాల గదులు కట్టించింది. ఎందుకంటే దానికి మూడు పిల్లలున్నాయి. మూడు మునిగే ఓడలు. అవి నీళ్ళలో మునిగి తిరిగి వచ్చి ఈ పెద్ద ఓడ పక్కన ఆనుకుని పడుకుంటాయి. వాటిలో మనిషి కాళ్ళు చాపుకునే చోటు లేదు, స్నానం లేదు, వేడి కూడు అంతంతమాత్రం. అందుకని అందులోవాళ్ళు పని అయ్యాక పెద్ద ఓడ మీదికి వచ్చి తిని, కడుక్కుని, నిద్రపోతారు. వాళ్ళ పెట్టెలూ బట్టలూ ఉత్తరాలూ అన్నీ ఇక్కడే. ఇంగ్లీషువాళ్ళు కూడా దాన్ని తల్లి అనే పిలుస్తారని బంగారురాజు చెప్పాడు. అచ్చెన్నకి అది తల్లోడ అయింది.

తల్లోడ పనివాళ్ళని చూడాలి మీరు! కమ్మరి, వడ్రంగి, రొట్టెలవాడు, బ్యాటరీలకి ఆవిరి నీళ్ళు కాచేవాడు. రెండొందలమంది ఇరవై నాలుగ్గంటలూ వాళ్ళ కోసమే పడిచచ్చేవారు. పేరంతా మునిగేవాళ్ళకే. వాళ్ళు తిరిగివచ్చినప్పుడు నీళ్ళు వేడిగా ఉన్నాయా, రొట్టె మెత్తగా ఉందా అన్నదే వీళ్ళ బతుకు. తల్లోడ వాళ్ళ పటాలు తీసి గోడకి తగిలించుకున్నవాళ్ళెవరూ లేరు.

సముద్రపు నీటిని కాచి ఆవిరి పట్టిన ఆ మంచినీళ్ళు ముందు బ్యాటరీలకి, తర్వాత స్నానాలకి, మిగిలితే చాకలికి. ఆ నీళ్ళలో సబ్బు ఒక్కసారి రుద్దితే మోచేతులదాకా నురగ. అచ్చెన్న పుట్టి బుద్ధెరిగాక అంత నురగ చూడలేదు. కానీ మునిగే ఓడవాళ్ళ బట్టలు మామూలు బట్టలు కావు. నూనె కంపు, దానికి తోడు బ్యాటరీ యాసిడ్ పడి అక్కడక్కడా చిల్లులు. వాటిని ఉతకడం వేరే విద్య. అచ్చెన్న నెల తిరక్కుండా నేర్చేసుకున్నాడు.

గుర్తుల దగ్గరే చిక్కు వచ్చింది. మూడు ఓడలకీ నంబర్లున్నాయి, అవి అతనికి రావు. అందుకని మొదటి ఓడకి ఒక చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు చుక్కలు పెట్టాడు. చుక్కల పైన మనిషికొక బొమ్మ: చేప, నాగలి, నిచ్చెన, గొడుగు, తేలు, రోకలి, కొడవలి. మూడు చుక్కల ఓడలో ఇరవై ఇద్దరు. అందులో ఇంజను దగ్గర పనిచేసే పొడుగాటి మనిషికి చాట గుర్తు పడింది. అతని అసలు పేరు అచ్చెన్న నోటికి ఎప్పుడూ తిరగలేదు. చాటదొర, అంతే.

చాటదొర ఒకరోజు చొక్కా పట్టుకుని ఇస్త్రీగదికి వచ్చి ఇదేమిటని వేలు పెట్టి అడిగాడు. అచ్చెన్న లేచి రెండు చేతులతో చాట పట్టినట్టు చెరిగి, ఊక ఊది చూపించాడు. దొర కాసేపు చూసి, చటుక్కున అర్థమై, తనూ అలాగే చెరిగాడు. ఆ తర్వాత బంగారురాజుని పిలిచి చెప్పించాడు. వాళ్ళ ఊళ్ళో బొగ్గు గనులట. వాళ్ళమ్మ గని ముందు నిలబడి రోజంతా బొగ్గు జల్లెడ పట్టేదట. ఈ గుర్తు నాకు బాగా కుదిరిందని చెప్పమన్నాడట. అచ్చెన్న ఆ పూట ఇస్త్రీ చేస్తూ రెండుసార్లు తనలో తనే నవ్వుకున్నాడు. చిన్నమ్మి పోయాక అతను నవ్వడం అదే మొదలు.

చాటదొర అక్కడితో ఊరుకున్నాడా! ఇరవై రెండు గుర్తుల పేర్లూ తెలుగులో నేర్చుకుని తనవాళ్ళందరికీ నేర్పాడు. ఇక చూడండి. మూడు చుక్కల ఓడ వచ్చి ఆనుకుంటుంది, వాళ్ళు స్నానాలు చేసి తుండ్లు చుట్టుకుని ఇస్త్రీగది ముందు నిలబడతారు. అచ్చెన్న లోపల్నుంచి "సేప" అంటాడు, ఒకడు వచ్చి మూట తీసుకుంటాడు. "నాగలి" అంటాడు, ఇంకొకడు. ఇరవై రెండో పేరు చాట. అది ఎప్పుడూ ఆఖరునే. ఇరవై ఇద్దరూ తీసుకున్నారంటే ఇరవై ఇద్దరూ పైకి వచ్చినట్టే. అచ్చెన్నకి అదే లెక్క. పిల్లలు బడినుంచి ఇంటికి చేరితే తల్లికి ఎలా ఉంటుందో అతనికీ అలాగే ఉండేదని చెప్పాలి, దాచడమెందుకు!

ఇలా రెండేళ్ళ పైన గడిచింది. ఇరవై ఆరో సంవత్సరం మాఘమాసంలో తల్లోడ మళ్ళీ రంగూను వైపు వచ్చి, ఏరు సముద్రంలో కలిసేచోట లంగరు వేసింది. మూడు ఓడలూ రోజూ పొద్దున పోయి మునగడం సాధన చేసి సాయంత్రానికి వచ్చేవి. ఒక సోమవారం సాయంత్రం ఒక చుక్కా వచ్చింది, రెండు చుక్కలూ వచ్చింది. మూడు చుక్కలది రాలేదు.

మంగళవారమూ రాలేదు. మిగిలిన రెండు ఓడలూ, పడవలూ వెతకడానికి పోయాయి. దారి చూపే బర్మా సరంగుకి కాస్త హిందూస్తానీ వచ్చని, దొరలకీ అతనికీ మధ్య మాటలు చెప్పడానికి బంగారురాజుని ఒక పడవలో తీసుకుపోయారు. తల్లోడ మీద అచ్చెన్నకి తెలిసిన భాష మాట్లాడేవాడు ఒక్కడు కూడా లేకుండా పోయాడు. జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. రొట్టెలవాడు పిండి తక్కువ కలిపాడు. ఇస్త్రీగదిలో ఇరవై రెండు మూటలు వరసగా ఎదురుచూస్తున్నాయి.

బుధవారం మధ్యాహ్నం ఒక ఆఫీసరు తాళాలగుత్తి, కాగితం పట్టుకుని వచ్చి మూడు చుక్కలవాళ్ళ పెట్టెలు ఒక్కొక్కటే తెరిపించాడు. మందపాటి బట్టలు, దుప్పట్లు తీయించి సంచుల్లో కట్టించాడు. అచ్చెన్న గుమ్మంలో నిలబడి చూశాడు. మనిషి పోయాక పెట్టె తెరుస్తారు, అంతేగా అతనికి తెలిసింది! దొరికితే చలికి వణుకుతూ దొరుకుతారని, పడవలో పంపడానికి ఆ దుప్పట్లు తీస్తున్నారని అతనికి ఎవరు చెప్పాలి? ఎవరిని అడగాలి? అడగడానికి ఒక్క నోరు లేదు.

మూడో రోజు పొద్దు వాలుతోంది. కుంకేలోగా చేయాలి, తర్వాత చేస్తే పనికిరాదు. అచ్చెన్న తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కొక్క మూటా విప్పాడు. పైనున్న చొక్కా మూల గుర్తు దగ్గర పంటితో చిల్లు చేసి చింపాడు. చేప చింపాడు, నాగలి చింపాడు, తేలు చింపాడు. చాట దగ్గర ఆగాడు. కిటికీలోంచి సముద్రం వైపు ఎంతోసేపు చూసి, ఏడుస్తూనే చింపాడు. ఇరవై రెండు ముక్కలూ దోసిట్లో పట్టుకుని ఓడ వెనకవైపు నుంచి పోటు తీసి వెనక్కిపోతున్న నీటిలో వదిలాడు. వెళ్ళిరండయ్యా, నా గుమ్మంలో నిలబడొద్దు అని చిన్నమ్మికి చెప్పినట్టే వాళ్ళకీ చెప్పాడు.

గురువారం తెల్లారగానే తల్లోడ మీద కేకలు. అచ్చెన్న పరుగున వెళ్ళి చూస్తే దూరంగా మూడు చుక్కల ఓడ! దుప్పట్లు కలిపి కుట్టి తెరచాప కట్టుకుని నింపాదిగా వస్తోంది. లోపలికి ఉప్పునీరు చేరి బ్యాటరీలు పాడై, ఇంజన్లు ఆగి, బురద తిప్ప మీద రెండు రోజులు కూలబడిపోయిందట. ఇరవై ఇద్దరికి ఇరవై ఇద్దరూ బతికే ఉన్నారు. అందరితో పాటు అచ్చెన్న కూడా అరిచాడు, చేతులూపాడు. సంతోషం పట్టలేక పక్కనున్న రొట్టెలవాడిని పట్టుకుని ఊపేశాడు. ఆ తర్వాత ముక్కలు గుర్తొచ్చి చేతులు కిందికి జారిపోయాయి.

వాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. మూటలు విప్పి, చొక్కాలకి మూలలు లేకపోతే ఎలుకలు కొట్టేశాయని నవ్వుకున్నారు. అప్పటికి బంగారురాజు తిరిగివచ్చాడు. అచ్చెన్న మొహం చూసి సంగతి పిండేసి, తల పట్టుకున్నాడు.

"ఒరే అచ్చెన్నా, ఎలకలనే సెప్పీ. ఓల్లే అంటన్నారు. ఊరుకుంటే పోద్ది."

నిజమే, ఊరుకుంటే పోయేది. ఎలుకల మీద పెట్టేసి హాయిగా ఉండిపోవచ్చు. ఆ ఒక్క అబద్ధానికి అతని చోటు అతనికి మిగిలేది. కానీ అచ్చెన్న భయం వేరు. బతికున్న మనుషుల గుర్తులు నీళ్ళకి ఇచ్చేశాడు. దానికి తిరుగు ఒక్కటే ఉంది: ఆ మనిషి తన బట్ట తన చేత్తో పట్టుకోవాలి, చాకలి దాని మీద మళ్ళీ గుర్తు పెట్టాలి. అప్పటిదాకా నీళ్ళకి వాళ్ళ మీద హక్కు ఉన్నట్టే. రోజూ నీళ్ళలో మునిగేవాళ్ళాయె! చెప్పకుండా ఎలా ఊరుకుంటాడు?

"ఎలకలు కావు బాబూ, నాను. సెప్పండి ఓల్లకి. ఒక్కొక్కలు వొచ్చి సొక్కా అట్టుకుంటే సాలు, గుర్తెట్టేస్తాను. అబద్దం సావు కబురు ఆయుస్సు పెంచుద్దని కూడా సెప్పండి."

బంగారురాజు చెప్పాడు. చెప్పిన కొద్దీ ఎదురుగా ఉన్న మొహాలు మారిపోయాయి. నావికులకి ఉండే పట్టింపులు ఇన్నీ అన్నీ కావు. మేము తిప్ప మీద ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే వీడు ఇక్కడ మాకు తద్దినం పెట్టాడా అని ఒకడు తిట్టాడు. తేలుదొర చెయ్యి చాచి జీడిపిక్కల డబ్బా తీసుకుని సముద్రంలోకి విసిరేశాడు. చాటదొర ఒక్కడే ఏదో సర్దిచెప్పబోయాడు. ఎవరూ వినలేదు.

పెద్ద కెప్టెను మంచివాడే. శిక్ష వేయలేదు, రావలసిన జీతం పూర్తిగా ఇప్పించాడు. మునిగేవాళ్ళ మనసులో ఇలాంటిది పెట్టుకుని మునగలేరు, నువ్వు దిగిపోవాలి అన్నాడు. పాడైన ఓడని బాగుచేయడానికి తల్లోడ రంగూనుకి వచ్చింది. అక్కడే అచ్చెన్న దిగిపోయాడు.

దిగే రోజున లాంచీలో అతన్ని రేవుకి చేర్చడానికి చాటదొర తనే వచ్చాడు. మూల చిరిగిన చొక్కా చేతిలో ఉంది. రేవు మెట్ల మీద ఆ చొక్కా ముందుకి చాచి, చిరిగినచోట వేలితో చాట గీసి చూపించాడు. పెట్టు, పట్టుకున్నాను కదా అన్నట్టు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. జీడిపిక్క లేదు! డబ్బా సముద్రంలో ఉంది. ఉండమని సైగ చేసి, లమ్మడాలో నాటుమందుల కొట్టు వైపు పరుగెత్తాడు. కొట్టు తెరిచి లేదు. ఇంకో కొట్టుకి పోయాడు. పిక్కలు పంచె కొంగున కట్టుకుని, సున్నం అరచేతిలో పెట్టుకుని, రొప్పుతూ రేవుకి వచ్చేసరికి లాంచీ నడి ఏట్లో ఉంది. లాంచీవాళ్ళు ఈల వేసి పిలుస్తున్నంతసేపూ దొర మెట్ల మీదే నిలబడ్డాడని కూలీలు చెప్పారు. చూస్తే చొక్కా అచ్చెన్న భుజం మీదే ఉంది. తొందరలో లాక్కుని వేసుకుని పరుగెత్తాడు! దొర లేకుండా చొక్కా, చొక్కా లేకుండా దొర. దేనికీ పనికిరాకుండా పోయింది.

అప్పటి నుంచే చిమిండైంగ్ చివరి తొట్టి. అచ్చెన్న ఆ చొక్కాని నెలకొకసారి ఉతికి, ఇస్త్రీ చేసి, గుడ్డలో చుట్టి పెట్టేవాడు. లేకపోతే రంగూను వానలకి బూజు పట్టిపోదూ! ఎవరిదని టీ అమ్ముకునే బర్మా ఆవిడ డా ఖిన్ అడిగితే ఒక మనిషిది, వస్తాడు అని తనకొచ్చిన బర్మా మాటల్లో చెప్పేవాడు. తొడుక్కోరాదా అని తోటి చాకళ్ళంటే మాత్రం కోపం వచ్చేది. బతికున్నవాడి బట్ట చాకలి తొడగకూడదు. తొడిగితే అతను లేడని ఒప్పుకున్నట్టే.

బూడిదరంగు ఓడ ఏదైనా వచ్చిందని తెలిస్తే మూటలు వదిలేసి రేవుకి పోయేవాడు. కొంగున పిక్కలుండేవి. తల్లోడ కాదని చూసి తిరిగి వచ్చేవాడు. రెండు వానాకాలాలు అలా పోయాయి. పండగలకి తోటివాళ్ళు పిలవడం మానేశారు. అతను గదిలో కూర్చుని ఇరవై రెండు పేర్లూ వరసగా చెప్పుకునేవాడు, మరిచిపోతానేమోనని. మాట్లాడేందుకు ఇంకెవరూ లేరు, ఆ పేర్లే అతనికి మాటలు.

ఇరవై ఏడో సంవత్సరం మార్గశిరంలో తల్లోడ వచ్చింది. అచ్చెన్నకి జ్వరంగా ఉండి ఆ రోజు రేవుకి పోనేలేదు. మర్నాడు తొట్టి దగ్గర కూర్చుని ఉంటే బంగారురాజు గుర్రపుబండి మీద మూటలేసుకుని దిగాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఓడలో నీళ్ళు కాచే యంత్రం బాగుచేయడానికి విప్పారట, అందుకని బట్టలు ఒడ్డుకి పంపారట. ఒక సంచి మాత్రం అచ్చెన్నకే ఇవ్వమన్నారని చెప్పి అతని ముందు పెట్టాడు.

అచ్చెన్న సంచి విప్పాడు. పైచొక్కా మూల తిరగేశాడు. చిరిగినచోట తెల్లగుడ్డ ముక్క వేసి కుట్టి ఉంది. దాని మీద ఇంగ్లీషు సిరాతో మూడు చుక్కలు, పైన చేప. చిన్నపిల్లలు గీసినట్టు వంకరగా ఉంది, తోక పెద్దదైపోయింది. రెండోదానికి నాగలి. తర్వాత నిచ్చెన, గొడుగు. తేలు కూడా ఉంది, కాళ్ళు ఎక్కువున్నాయి. ఎవరి బట్ట మీద వాళ్ళు గీసుకున్నవి. ఎవరి చేత్తో వాళ్ళు బట్ట పట్టుకుంటే తప్ప అలా గీయలేరు. అచ్చెన్న ఒక్కొక్కటీ చూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాకలి పెట్టవలసిన గుర్తు వాళ్ళే పెట్టుకున్నా చెల్లుతుంది, నీళ్ళ బాకీ తీరిపోయింది, రెండేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగింది అనుకున్నాడు. ఇరవై ఒకటి అయ్యాక సంచి ఖాళీ అయింది. సంచి తిరగేసి దులిపాడు.

"సాట ఏది బాబూ?"

బంగారురాజు తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. అచ్చెన్న మొహంలోకి చూడకుండా చెప్పాడు. హాంకాంగులో వానాకాలం జ్వరాలు పట్టుకున్నాయి. చాటదొర ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాడు. అంతకు ముందు ఎన్నిసార్లు చెప్పినా తోటివాళ్ళు గుర్తులు పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు, ఎగతాళి చేశారు. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్ళినప్పుడు, నా ఒక్కడి చొక్కా రంగూనులో ఉండిపోయింది, మీ బట్టలు మీ దగ్గరే ఉన్నాయిగా, గీసుకుంటే మీ సొమ్మేం పోయింది అన్నాడట. నవ్వుతూనే అన్నాడట. అతన్ని పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం ఇరవై ఒక్కరూ ఇస్త్రీగదిలో కూర్చుని గీసుకున్నారు. సిరా తెచ్చింది తేలుదొర.

"నానే సంపీసినానా?" అన్నాడు అచ్చెన్న.

"జొరం సంపిందిరా. ఆ నెల్లో ఆ ఊల్లో ఎంతమందో పోనారు. ఓల్లందరికీ నువ్వేటి సింపినావు?"

అది సరైన మాటే. ఎవరు విన్నా అదే అంటారు. కానీ అచ్చెన్న మనసుకి ఎక్కలేదు. మొదటి కొట్టు తెరిచి ఉంటే, చొక్కా దొర చేతిలోనే వదిలి పరుగెత్తి ఉంటే అని అతను చచ్చేదాకా అనుకుంటూనే ఉంటాడు. అలా అనుకోవద్దని చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండాలి. అతనికి ఎవరున్నారు?

అచ్చెన్న గదికి పోయి గుడ్డలో చుట్టిన చొక్కా తీశాడు. ఎన్నాళ్ళుగానో కొంగున మోసిన పిక్కల్లో ఒకటి సూదితో గుచ్చి, చిరిగిన అంచు పక్కన మూడు చుక్కలు, పైన చాట గీశాడు. సున్నం అద్దాడు. ఈసారి ఆ మూల చింపలేదు, నీటిలో వదలలేదు; దొర గుమ్మంలో నిలబడితే నిలబడనీ అనుకున్నాడు. ఆరాక చొక్కా తొడుక్కున్నాడు. చొక్కా చేతులు వేళ్ళ మీదికి వచ్చాయి, అంచు మోకాళ్ళ దాకా జారింది. చేతులు రెండు మడతలు పెట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చి, సంచిలో బట్టలు బానకెక్కించి ఉబ్బ పెట్టాడు. తక్కిన చాకళ్ళు చూశారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మూడోరోజు మూటలు బండి మీద పంపకుండా తనే మోసుకుని రేవుకి వెళ్ళాడు. లాంచీలో మూడు చుక్కలవాళ్ళు వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నారు, ఒకప్పుడు ఇస్త్రీగది ముందు నిలబడ్డట్టే. అచ్చెన్న "సేప" అన్నాడు. ఒకడు వచ్చి తీసుకున్నాడు. "నాగలి" అన్నాడు. "తేలు" అన్నప్పుడు వచ్చిన మనిషి మూట తీసుకుని, అచ్చెన్న ఒంటిమీద చొక్కా చూసి, మూలనున్న గుర్తు చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇరవై ఒకటీ అయిపోయాయి. అచ్చెన్న చేతులు ఖాళీ.

వాళ్ళు కదల్లేదు. ఇంకొక పేరు ఉందని వాళ్ళకీ తెలుసు. అది పిలిస్తే తప్ప లెక్క పూర్తి కాదు.

"సాట" అన్నాడు అచ్చెన్న.

ఎవరూ రాలేదు. కాసేపు ఆగి వాళ్ళు లాంచీ ఎక్కారు. అచ్చెన్న పొడుగు చేతులు మళ్ళీ పైకి మడుచుకుని, చిమిండైంగ్ వైపు నడిచాడు.